తొమ్మిదో డబ్బా మీద పేరు

కిందటేడు దీపావళికి మా ఆఫీసు వాళ్లకి నేనిచ్చిన సోన్ పాపిడీ పెట్టెల్లో ఒకటి, పండగ వెళ్లిన నాలుగో రోజున తిరిగి నా ఇంటికే వచ్చింది. మా అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తు ఆంటీ తెచ్చి నా చేతిలో పెట్టారు. ఢిల్లీ చుట్టుపక్కల ఇది వింతేమీ కాదు. ఇక్కడ సోన్ పాపిడీని ఎవరూ తినరు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తిప్పుతారంతే. కానీ ఈ పెట్టెని నేను చూడగానే గుర్తుపట్టాను. తొమ్మిది పెట్టెలకి రిబ్బను చుడుతుంటే ఎనిమిదో దాని దగ్గరే అయిపోయింది. ఆఖరి దానికి నా పాత ఉప్పాడ చీర అంచు కత్తిరించి ముడి వేశాను. ఆ ముడి వేసింది వేసినట్టే ఉంది. ఎవరో తీసుకుని, ఇంకెవరికో ఇచ్చి, వాళ్లు మరెవరికో ఇచ్చి, ఒక్కరూ ముడి విప్పకుండా దాన్ని నోయిడా అంతా ఊరేగించి నా గడపలో దింపారు.

ఆంటీ ఎదురుగా ఉన్నారు కదా, అంచు ఎంత బావుందో అన్నాను. తనకీ అది తెగ నచ్చిందనీ, విప్పి దాచుకుందామనుకుని మనసొప్పక నాకిచ్చేశాననీ ఆవిడ అన్నారు. తలుపు వేశాక మావారు సోఫాలో పడి నవ్విన నవ్వుకి కళ్లజోడు కింద పడింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ పెట్టె ఎవరికిచ్చానో గుర్తులేదు. కాబట్టి ఏడాది పొడుగునా తొమ్మిది మందినీ వంతులవారీగా అనుమానించాను.

మాది నోయిడాలో ఒక బట్టల షోరూం మీద, మూడో అంతస్తులో రెండు గదుల ఆఫీసు. టీవీ కార్యక్రమాలకీ, వీడియోలకీ తెర కింద పడే అక్షరాలు తయారు చేస్తాం. హిందీవి తెలుగులోకి, తెలుగువి హిందీలోకి. బయట బోర్డు చూస్తే లోపల వంద మంది ఉన్నారనుకుంటారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. యజమానిని నేనే, రాజమండ్రి నుంచి వచ్చి పదిహేనేళ్లయింది. పని వేగంగా చేస్తాను, ఇంకా వేగంగా మాట్లాడతాను, చేసినదాన్ని మళ్లీ చూసుకునే అలవాటు పుట్టుకతోనే లేదు.

ఆ లోటు పూడ్చడానికే మా ఆఫీసులో సర్ జీ ఉన్నారు. యాభై దాటిన మనిషి, ఘాజియాబాద్ నుంచి వస్తారు. పూర్వం ఒక హిందీ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు ఎర్ర పెన్సిళ్లుంటాయి. మా పనంతా కంప్యూటర్లోనే జరిగినా, ప్రతి ఫైలుకీ ఒక పచ్చ కాగితం చీటీ ఉండాల్సిందేనని ఆయన పట్టు. చీటీలో రెండు గడులు. ఒకటి చేసినవారిది, రెండోది చూసినవారిది. నేను చేసిన ఫైళ్లకి హడావిడిలో ఎప్పుడూ రెండో గడిలోనే సంతకం పెట్టేస్తాను. సర్ జీ ఏమీ అనరు. ఎర్ర పెన్సిల్‌తో నా సంతకం మీద అడ్డంగా గీత గీసి, పైన తన సంతకం పెడతారు. ఎనిమిదేళ్లుగా ఇదే తంతు. ఒక వంటల వీడియోలో రెండు చెంచాల ఉప్పుని నేను రెండు కప్పులు చేసి దాటించేస్తే, పట్టుకుని ఎంతో మందిని రక్తపోటు నుంచి కాపాడింది ఆయనే. పొగడాలంటే ఆయన దగ్గర ఉన్నది ఒకే మాట, ఠీక్ హై. అది కూడా నెలకొకసారి.

ఈ ఏడు దీపావళికి పదిహేను రోజుల ముందు సర్ జీ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఆయన మాట్లాడేది అచ్చమైన హిందీ, నా చెవి దాటి లోపలికి వెళ్లేసరికి అది తెలుగైపోతుంది కాబట్టి అలాగే రాస్తున్నాను.

"మేడమ్ జీ, ఒక పెద్ద ఆఫీసు వాళ్లు రమ్మంటున్నారు. ఇంటి ముందుకి క్యాబ్ వస్తుందట. భాయీ దూజ్ అయ్యాక జవాబు చెప్తానన్నాను. మీకు ముందే చెప్పడం ధర్మం కదా."

భాయీ దూజ్ అంటే దీపావళి వెళ్లిన రెండో రోజు, మన భగినీ హస్త భోజనం. అంటే నాకు పదిహేడు రోజుల గడువు. ఎప్పుడూ మూతపడని నా నోరు ఆ రోజు ఒక్క 'అచ్ఛా' అని ఊరుకుంది. ఉండండి సర్ జీ అని ఎందుకు అనలేకపోయానో ఇప్పటికీ తెలీదు. వాళ్లిచ్చే జీతం నేనివ్వలేను. ఎండాకాలం నుంచి మా పెద్ద క్లయింటు పని సగానికి సగం తగ్గించేశాడు. ఏ మొహం పెట్టుకుని ఉండమంటాను?

అప్పుడే నాకు పూనకం వచ్చింది. దీపావళి కానుకతో అందరి మనసూ దోచెయ్యాలి. ముఖ్యంగా సర్ జీ మనసు. ఇక జన్మలో సోన్ పాపిడీ ముట్టనని ఒట్టేసుకున్నాను. చేతిలో ఉన్నది మనిషికి ఒక పెద్ద కాఫీ షాపులో రెండు కాఫీలు తాగే డబ్బు. పిండి కొద్దీ రొట్టె అన్నారు. కానీ నేను రొట్టె సైజు ముందు నిర్ణయించుకుని పిండి తర్వాత వెతుక్కునే మనిషిని.

మెట్రోలో నిలబడి ఉండగా ఆలోచన తట్టింది. స్టీలు డబ్బా! ఇక్కడ దీపావళికి రెండు రోజుల ముందు ధన్‌తేరస్ నాడు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక కొత్త గిన్నె కొని తీరాలి. మేమిస్తే వాళ్లకి ఆ ఖర్చు తప్పుతుంది. పైగా దాని మీద పేరు కొట్టిస్తాం, మా కోస్తా వాళ్లకి అది వెన్నతో పెట్టిన విద్య. మా ఇళ్లల్లో ఎవరికైనా గిన్నె ఇస్తే, దాని మీద ఇచ్చినవాళ్ల పేరు కొట్టించి ఇస్తాం. మా అమ్మ వంటింటి అల్మరాని అలా వరసగా చదువుకోవచ్చు. పప్పు గిన్నె మీద పిన్ని గృహప్రవేశం, చెంబు మీద మేనమామ షష్టిపూర్తి, గరిటె మీద మా నాన్న మాట్లాడ్డం మానేసిన ఒక బాబాయి పేరు. ఆయనతో గొడవ పదేళ్లు నడిచింది. గరిటె మాత్రం రోజూ మా సాంబార్లో మునిగి తేలుతూనే ఉంది.

ఈ ఆలోచన ముందుగా మా ఆఫీసులో ఉన్న ఇంకో తెలుగు ప్రాణితో చెప్పాను. కరీంనగర్ వైపు అమ్మాయి. సివిల్స్ కోచింగ్ కోసం వచ్చి హాస్టల్లో ఉంటూ, మధ్యాహ్నాలు మెట్రోలో వచ్చి మా దగ్గర తెలుగు ఫైళ్లు చేస్తుంది. నా కోస్తా యాసని తను ఆడిపోసుకోవడం, తన యాసని నేను మెచ్చుకుంటూనే ఏడిపించడం మాకు రోజూ ఉండేదే. అంతా విని తను మొహం చిట్లించింది.

"అక్కా, గిఫ్ట్ ఆళ్లకిస్తున్నమా, మనకు మనమే ఇచ్చుకుంటున్నమా? ఆళ్ల డబ్బా మీద మీ పేరెందుకు?"

ఇచ్చినవాళ్లని జ్ఞాపకం పెట్టుకోవద్దా అని నేను వాదించాను. ఇంతలో చాయ్ గ్లాసులు పట్టుకొచ్చిన దీదీ సంగతేమిటని అడిగింది. మా ఆఫీసులో చాయ్ పెట్టేదీ, గదులు ఊడ్చేదీ, ఎవరు ఎవరితో అలిగారో లెక్క చూసేదీ ఆవిడే. విషయం విని ఆవిడ తీర్పు చెప్పేసింది. వాళ్ల వైపు పెళ్లిళ్లకి ముప్పై ఇళ్ల గిన్నెలు ఒకచోట చేరతాయట. పని అయ్యాక ఏది ఎవరిదో తెలిసి ఇల్లు చేరాలనే పేరు కొట్టిస్తారట. పేరు ఎవరిదైతే గిన్నె వాళ్లది. వేరేవాళ్ల పేరున్న గిన్నె ఇంట్లో ఉంచుకోకూడదు, తిరిగి పంపెయ్యాలి. అదీ ఖాళీగా పంపకూడదు.

రెండు ఓట్లు ఒకవైపు పడ్డాయి కాబట్టి నేను ఓడిపోయాను. ఎవరి డబ్బా మీద వాళ్ల పేరే అని తేలింది. అయితే నేను ఊరుకుంటానా? పేరు కింద ఒక్కొక్కరికీ ఒక వాక్యం కూడా ఉండాలన్నాను. ఈ ఏడాదిలో వాళ్లు చేసిన మేలు ఒకటి, ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ అతకనిది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆ వారం నేను నేల మీద నడవలేదు. ఎవరు కనిపించినా కళ్లార్పకుండా చూస్తూ వాక్యం వెతుక్కునేదాన్ని. గ్రాఫిక్స్ చేసే కుర్రాడు నాకు తనేదో బాకీ ఉన్నాడనుకుని రెండు రోజులు తప్పించుకు తిరిగాడు.

ఎనిమిది వాక్యాలు టకటకా వచ్చేశాయి. దీదీకి, 'ఈమె చాయ్ ఆగితే ఆఫీసు ఆగుతుంది.' కరెంటు పోయినప్పుడల్లా అందర్నీ నవ్వించే గ్రాఫిక్స్ కుర్రాడికి, 'చీకట్లో పనికొచ్చే మనిషి.' అమ్మాయికి తెలియకుండా తన వాక్యం నేనే రాసుకున్నాను, 'రేపు కలెక్టరైనా మా ఫైళ్లు మరిచిపోదు.' సర్ జీ దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది. తప్పులు పడతారు అని రాస్తే నింద వేసినట్టుంది. చాలా మంచివారు అంటే సంతాప సభలో మాటలా ఉంది. దయచేసి వెళ్లకండి అని డబ్బా మీద కొట్టిస్తే లోకం నవ్వుతుంది. అసలు రాయాలనుకున్నది మాత్రం అదే. ఎనిమిదేళ్లు ఎదురుబొదురుగా కూర్చున్న మనిషి గురించి ఒక వాక్యం రాయలేకపోతున్నానని నాకే సిగ్గేసింది. కొట్టుకి వెళ్లాక తడుతుందిలే అని కాగితం మీద ఆ చోటు ఖాళీగా వదిలేశాను.

డబ్బా ఖాళీగా ఇవ్వకూడదు కాబట్టి లోపల సున్నుండలు అనుకున్నాం. ఖర్చు తక్కువ, నిల్వ ఉంటాయి, పైగా చీర అంచు కట్టి ఇంకొకరికి పంపేటట్టు ఉండవు. ఆదివారం పొద్దున్నే అమ్మాయి మా ఇంటికొచ్చింది. మినప్పప్పు ఎర్రగా వేయిస్తుంటే కమ్మటి వాసన లిఫ్టు దాకా పాకింది. మొదటి ఉండ నోట్లో వేసుకుని తను కళ్లు మూసుకుంది. మస్తున్నయ్ అంటూనే, పండగంటే సకినాలు గానీ గీ గుండ్రాళ్లేందక్కా అని అంటించింది. సకినాలు చుట్టడానికి నాలుగు చేతులూ నాలుగు రోజులూ కావాలి, వచ్చే ఏడు నువ్వు కలెక్టరై నాలుగు జీపుల్లో మనుషుల్ని పంపు, చుట్టిద్దాం అన్నాను.

సగం పప్పు అయ్యాక మా మిక్సీ ఒక్క అరుపు అరిచి పొగ వదిలి ఆగిపోయింది. మావారు జాలిపడి ఆరో అంతస్తు ఆంటీ మిక్సీ అడిగి తెచ్చారు. మిక్సీ వెనకే ఆంటీ కూడా వచ్చారు. ఆవిడా చేతులు కడుక్కుని కూర్చున్నారు. ముగ్గురు ఆడవాళ్లం, ఒక మగాడు, మూడు భాషలు. మావారు చుట్టినవి ఒక్కొక్కటి క్రికెట్ బంతంత ఉన్నాయని ఆయన్ని నేతి గిన్నె పట్టుకోవడానికి మాత్రమే పరిమితం చేశాం. నూట పదిహేను ఉండలు లేచాయి. లెక్క పెట్టిన ప్రతిసారీ రెండు తగ్గుతున్నాయంటే ఎవరి పనో అడక్కండి.

ధన్‌తేరస్ ముందురోజు సాయంత్రం డబ్బాల కొట్టు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. కొట్టు బయట స్టూలు మీద పేర్లు కొట్టే మనిషి కూర్చున్నాడు. ఆయనది బీహార్, చేతిలో కరెంటు కలం జుయ్యిమంటూ స్టీలు మీద పాకుతుంటే వెండి పొడి రాలుతోంది. అమ్మాయి హిందీలో గుండ్రంగా రాసిచ్చిన కాగితం ఆయన ముందు పెట్టాను. ఎనిమిది డబ్బాలు చకచకా అయిపోయాయి. దీదీ వాక్యం కొడుతూ ఆయన కూడా నవ్వాడు. నాకేమో ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. వరసలో వెనకున్నవాళ్లకి కూడా చదివి వినిపించాను.

తొమ్మిదోది చేతిలోకి తీసుకుని పేరేమిటని అడిగాడు. సర్ జీ వాక్యం అప్పటికీ తట్టలేదు. సరే, పేరొక్కటే చాలనుకున్నాను. అదే క్షణంలో పెద్ద క్లయింటు ఫోన్ చేశాడు. ఒక చెవిలో అతను, ఇంకో చెవిలో కరెంటు కలం, వెనకనుంచి జనం తోపులాట. పేరు చెప్పాను, ఆయన అచ్ఛా అన్నాడు, కొట్టేశాడు, నేను సంచిలో వేసుకున్నాను. ఎప్పటిలాగే మళ్లీ చూసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం పని ఆపేసి ఆఫీసులో పంచిపెట్టాం. డబ్బాలని పాత న్యూస్ పేపర్లో చుట్టి, ఆంటీ ముచ్చటపడి ఇచ్చిన ఆమె సొంత చీర అంచులు కట్టాం. ఎవరిది వాళ్లు విప్పి చదువుకుంటుంటే పెళ్లివారి విడిదిలా అయింది గది. దీదీకి చదవడం రాదు, అమ్మాయి చేత మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత సంచీ ఇస్తే వద్దని, ఈ-రిక్షాలో రాత బయటికి కనపడేలా డబ్బా ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. గ్రాఫిక్స్ కుర్రాడు బాకీ సంగతి కాదని తెలిసి నాకు నాలుగుసార్లు దండం పెట్టాడు. ఇంత చిన్న ఖర్చుకి ఇంత పెద్ద సంతోషమా అని నాలో నేనే ఎగిరి గంతేశాను.

సర్ జీ మాత్రం ముడి విప్పలేదు. పొట్లాన్ని రెండు చేతులా తీసుకుని, మిగతావాళ్లు తమ వాక్యాలు చదువుతుంటే కాసేపు నిలబడి విన్నారు. తర్వాత దాన్ని సంచిలో పెట్టుకుని, శుభ దీపావళి అని చెప్పి మెట్రోకి వెళ్లిపోయారు. ఆయన మెట్లు దిగుతుంటే నా సంతోషం కూడా సగం దిగిపోయింది. అందరికీ వాక్యం ఉంది, ఆయనకి లేదు. ఆ సాయంత్రమే అమ్మాయి ఫోన్ చేసి, సారు డబ్బా మీద ఏం రాసిర్రక్కా అని అడిగింది. పేరు మాత్రమే అన్నాను.

"గంతేనా అక్కా? గాయన కోసమే కదా గీ లొల్లంతా."

పండగ నాలుగు రోజులూ నాకు దీపాల వెలుగు కళ్లకి ఆనలేదు. ప్రమిదలు వెలిగిస్తూ వాక్యాలు ఆలోచించాను, వంట చేస్తూ ఆలోచించాను. ఒక మంచి వాక్యం తడితే ఫోన్లో పంపిద్దామనుకుని, పంపితే అడుక్కున్నట్టు ఉంటుందని మానేశాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావని మావారు వెక్కిరించారు. భాయీ దూజ్ రోజున ఎవరి ఫోన్ మోగినా నా గుండె ముందు మోగింది. సర్ జీ చెయ్యలేదు.

మర్నాడు ఆఫీసు తెరిచాను. బయట పొగమంచూ పటాసుల పొగా కలిసి ఎదురు బిల్డింగు కూడా కనిపించడం లేదు. ఇంకా ఎవరూ రాలేదు. తొమ్మిదిన్నరకి, ఎప్పటికన్నా పది నిమిషాల ముందు, సర్ జీ వచ్చారు. చేతిలో నేనిచ్చిన డబ్బా.

కిందటేడు ఉప్పాడ అంచు పెట్టె కళ్ల ముందు మెదిలింది. అదైతే పదిమంది చేతులు మారి వచ్చింది, ఇది నేరుగా వచ్చేసింది. కానుక తిరిగిచ్చేసి వెళ్తానంటారు, అంతే. ఆయన దాన్ని నా బల్ల మీద పెట్టారు. దాని మూత మీద మా ఆఫీసు పచ్చ చీటీ అంటించి ఉంది. చూసినవారి గడిలో సర్ జీ సంతకం. చీటీ అంచున ఎర్ర పెన్సిల్‌తో ఒక బాణం గుర్తు. బాణం చూపించిన చోట నున్నటి స్టీలు మీద, అందమైన హిందీ అక్షరాల్లో కొట్టి ఉన్నది నా పేరు.

నా పేరు! ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. జనం, ఫోను, కరెంటు కలం, ఆ మనిషి పేరేమిటని అడగడం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గిన్నెల కొట్టులో ఎవరైనా పేరడిగితే ఇచ్చేవాళ్ల పేరు చెప్పడమే నాకు తెలుసు. ఇద్దరు ఆడవాళ్లు అంతలా వాదించి మార్పించినా, ధ్యాస పక్కకి పోగానే ఎక్కడి గొంగళి అక్కడే. నోటికి నా పేరే వచ్చింది.

సర్ జీ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇంటికెళ్లి విప్పి చూసి ఒక రాత్రి చాలా బాధపడ్డానని దాచకుండా చెప్పారు. అందరికీ డబ్బాలిచ్చి, తనకి మాత్రం మేడమ్ సొంత డబ్బాలో లడ్డూలు పెట్టి పంపారు, అంటే డబ్బా తిరిగిచ్చెయ్యమని అర్థం, వెళ్లిపోయేవాడికి డబ్బా ఎందుకనుకున్నారేమో అని. ఆయన చెబుతుంటే భూమి చీలి నన్ను మింగితే బావుండుననిపించింది. పేరు ఎవరిదైతే గిన్నె వాళ్లదని దీదీ చెప్పింది వినీ, ఈ మనిషికి నేను చేసిన మర్యాద ఇది.

"మా ఆవిడ పేరు చదివి ఎవరిదని అడిగింది. ఎనిమిదేళ్లుగా నా గడిలో సంతకం పెట్టే మేడమ్‌ది అన్నాను. అప్పుడు నాకే వెలిగింది, ఇది కూడా అదే తప్పని. మా ఆవిడ నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. ఈవిడని ఒంటరిగా వదిలేస్తే ఇంకెంతమంది గిన్నెల మీద తన పేరు రాసేసుకుంటుందో, నువ్వు వెళ్లకు అంది."

నేను ఆయన మొహంలోకి చూశాను. అక్కడ నవ్వులాంటిదేదో ఉంది. ఎనిమిదేళ్లలో నేను చూడనిది.

పొద్దున మెట్రోలోంచే ఫోన్ చేసి ఆ పెద్ద ఆఫీసు వాళ్లకి వద్దని చెప్పేశారట. అక్కడ ముందు మెషీన్ తప్పులు చూస్తుందట, మెషీన్ చూశాక ఈయన చూడాలట. మెషీన్‌తో ఎనిమిదేళ్లు గడిపినా ఇంటికెళ్లి చెప్పుకోవడానికి ఒక్క కథ ఉండదన్నారు.

అప్పుడు నా నోరు పెగిలింది. పదిహేడు రోజులుగా గొంతులో అడ్డుపడ్డదంతా కక్కేశాను.

"సర్ జీ, మీరు వెళ్లిపోతారని చచ్చేంత భయపడ్డాను. మీరు లేకపోతే ఈ ఆఫీసు నడపడం నాకు చేతకాదు. ఈ మాట చెప్పడం రాకే ఈ డబ్బాలూ సున్నుండలూ అన్నీ."

ఆయన ఆలోచించారు. ప్రూఫు చదివినట్టు, మాట మాట దగ్గరా ఆగి.

"ఇది ఆ రోజే చెప్పుంటే అంత పప్పు వేయించే పని తప్పేది," అన్నారు. తర్వాత, "కానీ లడ్డూలు ఠీక్ హై."

నేను పకపకా నవ్వేశాను. నవ్వుతూనే ఏడ్చాను కూడా, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అప్పుడే లోపలికొచ్చిన దీదీ కంగారుపడి నీళ్లు తెచ్చింది. డబ్బా మూత తీస్తే లోపల సర్ జీ భార్య చేసిన మఠరీలు, వాము వేసినవి, కరకరలాడుతూ. అన్యుల పేరున్న గిన్నె ఖాళీగా పంపకూడదు కదా. పది గంటలకల్లా మిగతావాళ్లు వచ్చి పదిహేను నిమిషాల్లో డబ్బా అడుగు చూశారు.

పేర్లు కొట్టే మనిషి ఊరెళ్లాడనీ, బీహార్ వాళ్ల ఛఠ్ పండగ చేసుకుని వస్తాడనీ సర్ జీ వచ్చేటప్పుడే కొట్టు దగ్గర ఆగి కనుక్కున్నారు. అతను వచ్చాక ఇద్దరం వెళ్లాం. స్టీలు మీద పడిన పేరు చెరపడం బ్రహ్మ తరం కాదని అతను తేల్చేశాడు. కొత్త డబ్బా కొంటానని నేను పర్సు తీస్తే సర్ జీ ఒప్పుకోలేదు. అలవాటైన పద్ధతే చాలన్నారు. కరెంటు కలంతో నా పేరు మీద అడ్డంగా ఒక గీత, దానిపైన ఆయన పేరు.

అయిపోయిందనుకుని నేను డబ్బా అందుకోబోతే సర్ జీ కదల్లేదు. జేబులో పెన్సిళ్లు సర్దుకున్నారు. ఎటో చూస్తూ, మిగతావాళ్లకి కింద ఒక వాక్యం కూడా ఉంది కదా అన్నారు.

ఆ రోజు పొట్లం విప్పకుండా నిలబడి అందరి వాక్యాలూ ఎందుకు విన్నారో నాకప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ వెతికినా దొరకని వాక్యం ఆ నిమిషంలో దానంతటదే వచ్చింది. చెవి దగ్గర చెప్పాను, అతను కొట్టాడు. 'ఈయన చూశాకే అది సరి.' సర్ జీ డబ్బాని వెలుతురులోకి పట్టుకుని రెండుసార్లు చదివారు. తప్పు కోసం వెతికారు, నాకు తెలుసు. దొరకలేదు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆయన రొట్టెలు ఆ డబ్బాలోనే వస్తున్నాయి. బల్ల మీద పెట్టేటప్పుడు కాస్త తిప్పి, రాత మా అందరికీ కనపడేలా పెడతారు.